మెడ లోతు

ముప్పై ఏళ్ళుగా నేనే అడుగుతున్నాను
ముందు మెడ ఎంత, వెనక మెడ ఎంత అని.
కొరుక్కుపేటలో మా మూడు వీధుల్లో
నా టేపు తగలని గొంతు లేదు.

ఇప్పుడు సెంట్రల్ ఎదుటి పెద్దాసుపత్రిలో
డాక్టర్ పొన్నరసి నన్నడుగుతోంది,
సగమా, మొత్తమా?

చీటీ వెనక బొమ్మ గీసింది.
అందరికీ సీతాకోకచిలుకలా కనిపిస్తుందట.
నాకు మాత్రం మడత విప్పిన కాలరు ముక్క.
కుడి రెక్కలో చిన్న సున్నా చుట్టింది,
రెండు పాయింట్ మూడు సెంటీమీటర్లు.
అంగుళానికి ఒక గీత తక్కువ అని
నా బుర్ర తనంతట తనే లెక్కేసింది.

"మంచి రకమే" అంది.
ఇందులో కూడా రకాలు చూపిస్తారు కాబోలు
పాప్లిన్, రూబియా, టూ బై టూ.

సగం తీస్తే
మిగిలిన రెక్క ఒంటికి సరిపోవచ్చు, పోకనూ పోవచ్చు.
తీసిన ముక్క పరీక్షకెళ్ళి చెడ్డ కబురు తెస్తే
మళ్ళీ అదే కుట్టు విప్పాలి.
మొత్తం తీస్తే రోజూ పరగడుపున మాత్ర,
చచ్చేదాకా.
గొంతు నరాలు రెండూ కత్తికి దగ్గరపడతాయి.
కాల్షియం పడిపోతే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

వేళ్ళు అనగానే వేళ్ళకేసి చూసుకున్నాను.
చూపుడువేలి మీద సూది పొడిచిన గుంటలు,
దారం లాగిన గాడి.

వేదవల్లి వదిన మొత్తం తీయించుకుంది.
"ఉంచుకుంటే భయాన్ని కూడా ఉంచుకున్నట్టే,
పీకించేయ్, నిద్ర పడుతుంది" అంటుంది.
ఆమెకి నిజంగానే పడుతుంది.
మా ఆయన, దీపావళి గుడ్డలు ఒప్పుకోవాలా వద్దా అని
అడగబోయి నోరు మూసుకున్నాడు.
నేను చూశాను.

"మీ అమ్మకైతే ఏం చేస్తారు?" అన్నాను.
డాక్టరు కలానికి మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.
"రెండూ తప్పు కాదమ్మా."
ఒకటి తప్పయితే బాగుండేది.

ఆ రాత్రి కొట్లో
ఎవరిదో చిలకపచ్చ జాకెట్టు గుడ్డ మడిచి పరిచాను.
మడత మీద కత్తెర పెడితే
రెండు పక్కలా ఒకేసారి తెగుతుంది. పని సులువు.
మొట్టికాయ వేసి దేశింగు మేస్త్రీ నేర్పింది ఒకటే:
"తక్కువ తెగితే మళ్ళీ తెంపొచ్చు పిల్లా,
ఎక్కువ తెగితే ఏ దేవుడూ అతకలేడు."
కానీ మేస్త్రీ చెప్పింది గుడ్డ సంగతి.
గుడ్డలో మరక పాకదు.
పాకదా? నూనె మరక పాకుతుంది.
కత్తెర పట్టుకుని కూర్చున్నాను,
ఆఖరి లోకల్ బండి వెళ్ళిపోయేదాకా.
మడత విప్పాను.
ఆ గుడ్డ ఆ రాత్రి కత్తిరించలేదు.

సగం అని సంతకం పెట్టాను.
ధైర్యమని కాదు.
లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టడం చేతికి అలవాటు.
విప్పాల్సొస్తే విప్పుతారు.
వదిన మూడు రోజులు మాట్లాడలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున
నన్ను నిటారుగా కూర్చోబెట్టి
మెడ ముడతలో ఊదా కలంతో గీత గీసింది డాక్టరు.
నర్సునడిగి అద్దం తెప్పించుకున్నాను.
"ఎడమ పక్క నూలుపోగంత పైకెగిరింది."
నవ్వలేదావిడ. వంగి చూసింది.
స్పిరిట్ దూదితో తుడిచి
మళ్ళీ గీసింది.