గంధకం

ఏడాది మందుల టార్గెట్ దాటినందుకు
కంపెనీవాళ్ళు నన్ను ద్వీపానికి తోలుకుపోయినారు.
ఉరవకొండలో పాత బస్టాండు వెనక
పురుగుమందుల అంగడి నాది.
పాస్‌పోర్టు ఫొటోకని
భుజమ్మీద తువ్వాలు తీయమన్నాడు స్టూడియో పిల్లోడు.
అంతవరకే నాకు తెలిసిన విదేశం.

రాత్రి రెండింటికి లేపినారు.
నలభైమంది డీలర్లం, తలకు లైట్లు కట్టుకుని
చీమలబారులా కొండెక్కినాము.
ఆదోని ఆయన సగంలోనే కూచుండిపాయె,
"ఇది మోకాళ్ళ పర్వతమబ్బా, నాకు మొక్కు లేదు" అని.
కాలికింద నల్లగులక.
అడుగేస్తే అరడుగు వెనక్కి జారుతుంది,
వడ్డీ కట్టి అసలు మిగుల్చుకున్నట్టు.

అప్పుడొచ్చింది వాసన.
అందరూ ముక్కులు మూసుకున్నారు.
నేను గట్టిగా పీల్చినా.
ఇది నా అంగడి!
షట్టరెత్తగానే గుప్పున కొట్టే గంధకం,
మిరపకు, ద్రాక్షకు, బూడిద తెగులుకు
పాతికేండ్లుగా తూచి పొట్లాలు కట్టిన పొడి.
ఈడ భూమే అంగడి పెట్టుకుని
బిల్లు లేకుండా అమ్ముతోంది.

గైడు పేరు నెంగా. రెండో బిడ్డ అని అర్థమంట.
రాతిసందులో ఆవిరొచ్చే చోట
అరటాకు కప్పి గుడ్లు ఉడికించి పెట్టినాడు.
కట్టెల్లేవు, గ్యాసు లేదు.
పొట్టు తీస్తుంటే సూర్యుడొచ్చినాడు,
నీళ్ళకవతల ఇంకో కొండ భుజమ్మీదుగా.
ఫోన్లన్నీ అటు తిరిగినాయి.
నేను కింద వాలులో ఉల్లిమడి చూస్తున్నా.
దిగేటప్పుడు ఆకు తిప్పి చూసినా:
తామరపురుగు.
ఏం కొడతారని సైగ చేసినా.
నెంగా గట్టుమీది ఖాళీ డబ్బా చూపించినాడు.
మా కంపెనీదే.

మీ ఊళ్ళో ఇట్లాంటి కొండ ఉందా అని అడిగినాడు.
లేదన్నా. రాళ్ళున్నాయి, ఎండుంది.
ఒక నల్లరాయి ఏరి జేబులో వేసుకున్నా.

*

తొలకరి పడిన మూడోనాడు
బాకీ అడగను వజ్రకరూరు పోయినా.
చేలనిండా జనం.
గొర్రుల్లేవు, ఎద్దుల్లేవు.
గుంతకల్లునుంచి, బళ్ళారినుంచి
సద్దిమూటలతో దిగినోళ్ళు
వంగి నడుస్తున్నారు, నేలను చదువుతున్నట్టు.
వాళ్ళలో వన్నూరప్ప.
నా లెక్కపుస్తకంలో పదకొండో పేజీ.
వేరుశనగకు లద్దెపురుగు మందు,
రెండేండ్లది, వడ్డీ వేరే.

"ద్వీపానికి పోయొచ్చినావంట కదా సామీ, ఎట్లుండె?"
చెప్పినా. పొగ, గుడ్లు, నల్లగులక.
జేబులో రాయి తీసి చేతిలో పెట్టినా.
వేలితో తడిమినాడు,
చల్లదనం కోసం నాలుకకు తాకించి చూసినాడు.
"దీనికోసమా అంత దూరం?
ఇట్లాంటిది ఈడ కూడా మండిందంట సామీ.
సర్వేకొచ్చిన జీపాయన చెప్పె,
ఆయప్పకు నెల్లాళ్ళు నీళ్ళబిందె మోసినా నేను.
నూరు కోట్లేండ్ల కిందట
ఈ నేల గొంతు చీల్చుకుని నిప్పు పైకొచ్చిందంట.
మనం ఏరుకునే రాళ్ళన్నీ అది కక్కినవేనంట."
మడమతో నేలను తట్టినాడు,
పడుకున్న ఎద్దును లేపినట్టు.

ఎర్రమట్టి కింద ఒకచోట
బూడిదనీలం మన్ను తేలింది.
వానకు నాని, వేళ్ళకు సబ్బులా తగిలింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నా.
గంధకం లేదు. పొగ లేదు.
వాన వాసనే.

నేను తలకు దీపం కట్టుకుని ఎక్కినదాన్ని
ఇతను పుట్టినప్పటినుంచి దున్నుతున్నాడు.
ఆ కొండకు నా టిక్కెట్టు
ఇతని పదకొండో పేజీలోంచే చించింది.

ఈ మాట నాకు ఆడనే తోచిందా,
బండి స్టార్టు చేసినాక తోచిందా,
సరిగ్గా చెప్పలేను.
బాకీ సంగతి మాత్రం ఎత్తలేదు.
మంచితనమేం కాదు,
వంగినోడితో మాట్లాడాలంటే నేనూ వంగాల్సి వచ్చె.

వంగినా.
పొద్దు గుంకేదాకా ఇద్దరమూ వెతికినాము.
దొరికినవి రెండు గాజుపెంకులు, ఒక చొక్కా గుండీ,
ఒక సీసామూత. దానిమీద పేరు నేను చదివినా,
ఆయన చదవలేదు.
వాన మళ్ళీ పట్టింది.
నల్లరాయి ఆయన దగ్గరే ఉండిపోయింది.
గుర్తొచ్చేసరికి
ఊరి పొలిమేర దాటినా.