ముందు గంజి

డాండెనాంగ్‌లో ఫిబ్రవరి. నలభై రెండు డిగ్రీలు.
రేకుల షెడ్డులో రొట్టెల ట్రేలు
అచ్చులోంచి అప్పడాల్లా వంకర తిరిగి పడుతున్నాయి.
"కాస్త గ్యాస్ పోసి వెళ్ళు, పోయినసారిలాగే."
గ్లెనిస్ చెవిన ఫోను, ఫోనులో ఎవరిదో అరుపు.
పోయినసారి పోశాను. నవంబరులోనూ పోశాను.
చిల్లుకుండకి నీళ్ళు మోసేవాళ్ళకి
గంటల లెక్కన బాగానే గిడుతుంది.

ఈసారి పొయ్యనన్నాను.

ఏడాదిలో ముప్పై ఎనిమిది కిలోలు
ఎటు పోయాయని ఎవరూ అడగలేదు.
రంగు లేదు, వాసన లేదు.
కప్పు దాటితే మన సొత్తు కాదనుకుంటాం.
వెళ్ళి కూర్చునేది మాత్రం మన నెత్తి మీదే.

మిగిలిందంతా సిలిండర్లోకి లాగి, నైట్రోజన్ ఎక్కించి,
సబ్బు నురగా కుంచే పట్టుకుని
ఒక్కో కీలుకీ నలుగు పెట్టినట్టు రాసుకుంటూ పోయాను.
"నీ మోకాళ్ళు ఎక్కడికి రానంటాయో
లీకు అక్కడే ఉంటుంది" అనేవాడు జ్వోంకో,
నాకీ పని నేర్పినవాడు, వేలు ఒకటి తక్కువున్నవాడు.

కండెన్సరు కడుపు కింద ఒక వాల్వు.
మూత లేదు.
నురగలో ఆవగింజంత బుడగ లేచింది,
పగిలింది, మళ్ళీ ఇంకోటి.
మూత పక్కనే ఉంది, దుమ్ములో, బోర్లా.
వేలాడుతున్న చీటీ మీద ఏడాది కిందటి తేదీ,
తేదీ కింద హైమవతి.
ఈ షెడ్డులో ఇంకో హైమవతి లేదు.

కాసేపు అలాగే పడుకున్నాను.
సిమెంటు చల్లగా ఉంది.

వాల్వు లోపలి సూది మార్చి వాక్యూమ్ పెట్టాను.
రాత్రంతా పంపు దాని ఊపిరి తోడింది,
గాలీ, తేమా, కంటికి కనపడని నలుసులూ.
లంఖణం పరమౌషధమనేది మా మేనత్త,
జ్వరమొస్తే నా కంచం బోర్లించేసి.
ఐదొందల మైక్రాన్లకి దిగింది అంకె. పంపు ఆపాను.
ఇక కూర్చుని, అది పైకి లేస్తుందేమో చూడటమే.

మూడింటికి సఖీదాద్ ఫ్లాస్కుతో వచ్చాడు,
ఏలకుల టీ, చక్కెర మరీ ఎక్కువ.
"ఏం కొలుస్తున్నావు?"
"లోపల ఏమీ లేదని."
"అది కూడా కొలుస్తారా" అని నవ్వి
పనిలేని తన మెషీన్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అంకె కదల్లేదు.

ఆకలి మీద ఉంది కదా అని ద్రవం ఒక్కసారే వదిలితే
పక్కనే ఉన్న నీళ్ళు గడ్డకట్టి
రాగి గొట్టాలు చీలిపోతాయి.
లంఖణం విడిచేవాళ్ళకి ముందు గంజి.
నీళ్ళ పంపులు రెండూ తిరగనిచ్చి
ఆవిరి మాత్రం సన్నగా వదిలాను.
ఇంకా వేడి వదలని షెడ్డులో
కాటా మీది సిలిండరుకి తెల్లగా మంచు పట్టింది.
వేలితో ఒక గీత గీశాను. ఎందుకో.

ముల్లు రెండొందల యాభై దాటాక ద్రవం వాల్వు తిప్పాను.
ఇక అన్నం.
కాటా మీద అంకెలు దిగుతున్నాయి, కంప్రెసరు గొంతు మారింది.
ఇది మంచుకన్నా చల్లగా ఉండి మరుగుతుంది.
పదకొండేళ్ళుగా చూస్తున్నా
ఆ ఎసరు నాకు అలవాటు కాలేదు.

గాజు కంట్లో బుడగలు పలచబడి, తేటపడి,
లోపల ఏమీ లేనట్టే అయింది.
ఇంకొంచెం పోద్దామని చెయ్యి లాగేది అక్కడే.
డిగ్రీలు సరిచూసుకుని ఆపాను.

లాగ్‌బుక్కులో 'కారణం' అనే గడి బొటనవేలంత ఉంటుంది.
పాతబడిన సీలు అని రాస్తే
ఎవరూ తిరిగి చూడరు.
పెన్ను రెండుసార్లు విదిలించాను, సిరా ఉన్నా.
మూత బిగించలేదు, నేనే, అని రాశాను.

ఆరూ నలభైకి గ్లెనిస్ చదవకుండా సంతకం పెట్టింది.
"ట్రేలు తిన్నగా వస్తున్నాయా?"
వస్తున్నాయి.

వ్యాన్ తాళం తిప్పి, మళ్ళీ ఆపి,
దిగి, లోపలికి నడిచి,
మోకాళ్ళ మీద వంగి
ఆ మూతని వేళ్ళతో ఇంకోసారి తిప్పి చూశాను.