ఓడ ఎక్కే ముందు

లక్ష్మీనగర్‌ల ఎవరో అద్దాల తలుపు మీద అంటించిన బొమ్మ:
నీలి నీళ్లు, వంగిన కొబ్బరిచెట్లు,
పదకొండు అంతస్తుల తెల్ల ఓడ.
మూడు రాత్రులు, నాలుగు పగళ్లు, తీరం వెంట.
సెకండ్ షిఫ్ట్ దిగి వస్తూ వస్తూ
బాపు దాని ముందు బండి ఆపిండట.

ఇరవై ఆరేండ్లు ఏడో ఇంక్లైన్‌ల దిగినోడు,
ఎల్టీసీ పైసలను ఎన్నడూ
యాదగిరిగుట్ట దాటనియ్యనోడు
ఆ రాత్రి కంచం ముందు కూసొని అన్నడు:
"సముద్రం చూద్దాం. ఓడల."
అవ్వ గంటెను పప్పు గిన్నెలనే ఇడిచిపెట్టింది.

టికెట్లు వచ్చినంక భయం మొదలైంది.
నాయినమ్మకు బస్సెక్కితేనే కడుపుల తిప్పుతది,
పెద్దపల్లి రాకముందే కిటికీ అడుగుతది.
తమ్ముడు తిరుమలేశ్‌కు ఈత రాదు.
నాకూ రాదు, కానీ నేను చెప్పలేదు.
అవ్వకు ఒక్కటే అనుమానం:
ఓడల గదికి గొళ్లెం లోపలి నుంచా, బయటి నుంచా?

అందుకని ఒక ఆదివారం
ప్లేడే మస్టర్ ఒదులుకొని
బాపు మమ్ములను గోదావరి కాడికి తోలుకపోయిండు.
"ముందు ఈ నీళ్లు అలవాటు కానీయుండ్రి."

రాయలింగు పడవ. చేపల వాసన, ఉడుకు డీజిల్ వాసన.
నాయినమ్మ ఎక్కంగనే గంగలకు రూపాయి బిళ్ల వేసింది,
ఇంకో బిళ్ల కొంగుల ముడేసింది, సముద్రానికి.
బాపు మాత్రం కూసోలేదు.
వంగి, పడవ అడుగును పిడికిలితో కొట్టిండు:
టక్, టక్. చెవి పెట్టిండు.
"ఏంది బావా, ఎవలన్న తలుపు తీస్తరా?" అని రాయలింగు నవ్విండు.
బాపు నవ్వలేదు.
గనిల పైకప్పును కట్టెతో కొట్టి వినేటోడు.
గట్టిది గంట లెక్క మోగుతది,
ఊడేది డొల్లగ పలుకుతది.
ఆ తేడా మీదనే ఇన్నేండ్లు మేం అన్నం తిన్నం.

నడి గంగల మోటర్ ఆగింది.
రాయలింగు తాడు గుంజిండు, తిట్టిండు, మళ్ల గుంజిండు.
నీళ్లు మమ్ములను మెల్లగ తిప్పి తిప్పి
ఓ ఇసుక మేటకు ఆనించినయి.
పొద్దు మునిగింది.
అవుతల ఎన్టీపీసీ చిమ్నీల మీద ఎర్ర దీపాలు,
ఇవుతల బొగ్గు లారీల మోత,
నడుమ మేం, సగం ముంత గుడాలు, తడిసిన దుప్పటి.

"ఇది దీవా?" తమ్ముని గొంతుల ఏడుపు.
"దీవే."
వాడు ఏడుపు మింగి దాని చుట్టూ ఉరికిండు.
నలభై మూడు అడుగులల్ల దీవి అయిపోయింది.
మళ్ల ఉరికిండు.

ఎండల కండ్లు చికిలించుకొని నడిచే బాపు
ఆ చీకట్ల తిన్నగ నడిచిండు.
జరసేపటికొకసారి మమ్ములను లెక్కపెట్టిండు,
పేర్లతోని కాదు, తలలు ముట్టి:
ఒకటి, రెండు, మూడు, నాలుగు, రాయలింగుతోని అయిదు.
అవ్వ చెయ్యి చాపి ఆయన తల ముట్టింది.
"ఆరు," అన్నది.

నాయినమ్మకు కడుపుల తిప్పనే లేదు.
ఇసుకల కాళ్లు చాపుకొని
"ఇదే మంచిగున్నది ఓదెలూ,
ఓడ పైసలు వాపస్ ఇస్తరేమో అడుగు," అన్నది.
తొమ్మిది దాటినంక రాయలింగు తమ్ముడు ఇంకో పడవ తెచ్చిండు.

ఓడ కూడా ఎక్కినం, ఆ మాఘంల.
నిజమే, పదకొండు అంతస్తులు.
తీరం ఎక్కడో దూరంగ, స్కేలు పెట్టి గీసిన పచ్చగీత.
డాల్ఫిన్ డాల్ఫిన్ అని అందరు అరిచిన్రు,
మేం పోయేసరికి నీళ్లే.
తమ్ముడు లిఫ్టు తప్ప ఏదీ చూడలేదు.
గొళ్లెం లోపలి నుంచే.
నాయినమ్మ విసిరిన రెండో బిళ్ల
గాలికి కొట్టుకపోయి కింది అంతస్తుల ఎవరి ప్లేట్లనో పడ్డది.

మొదటి రాత్రి నాకు మెలకువ వచ్చింది.
బాపు పరుపు మీద నిలబడి
ఆ చిన్న గది కప్పును పిడికిలితో
టక్, టక్.
చెవి పెట్టి వింటున్నడు.

పైనుంచి ఎవరో
టక్, టక్ అని మళ్ల కొట్టిన్రు.

బాపు దిగి పడుకున్నడు.