తెల్లడబ్బీ

అచ్చంపేట దవాఖాన ఎనక
గోడ నీడ దాటించి ఎండల నిలబెట్టిన
బీల్యానాయక్‌ను.
"లోపల్నుంచి దగ్గు తాతా,
ఉమ్మి గాదు, తెమడ."

బస్సుల దగ్గితే మొఖాలు తిప్పుకున్నరట.
పుణె అడ్డా మీద మేస్త్రి పిలువనే లేదట.
రెండు నెలలు దగ్గును
రుమాలు కొసకు ముడేసి దాచిండు.

ఇప్పుడు నేను అడుగుతున్న,
డబ్బీ మీద పేరు రాసి మరీ.
"గిదెందుకు బిడ్డా నీకు?"
నవ్విండు. నవ్వులనే దగ్గొచ్చింది.

గాలి ఎటుందో చూసి పక్కకు జరిగిన,
మాస్కు తీగ ముక్కు మీద ఇంకోసారి నొక్కిన.

ఆయన చూసిండు.
ఏమనలే.
మూత బిగదిప్పి
నా చేతికియ్యక గోడ మీద వెట్టి
తనే రెండడుగులు ఎనక్కు పోయిండు.

పోయినేడు ఇసొంటి డబ్బీ మీద
నా పేరు నేనే రాసుకున్న సంగతి
చెప్పొద్దనుకుంటనే
చెప్పిన.