పంతొమ్మిది తాళంచెవులు

పడవ రాక ఇది పదకొండో రోజు.
రేవు గది కిటికీలో పలక మీద
సుద్దతో అదే మాట, తుడిచి
మళ్ళీ అదే మాట: "రేపు చూద్దాం."

కొట్లో రొట్టె అయిపోయింది. ఈస్టూ అయిపోయింది.
పిల్లుల తిండి మాత్రం ఒక అర నిండా ఉంది.
ఇంకో వారం ఇలాగే ఉంటే
దాని రుచి ఎలా ఉంటుందో చెప్తానన్నాడు టార్కిల్.

నా నడుముకి పంతొమ్మిది తాళంచెవులు.
నడుస్తుంటే గంట కట్టిన గొర్రె వస్తోందనుకుంటారు.
లండన్ వాళ్ళవి తొమ్మిది, ఎడిన్‌బరో వాళ్ళవి ఆరు,
మూడు జర్మన్ దంపతులవి,
ఒకటి ఎవరిదో నాకే తెలీదు,
జీతం మాత్రం టంచనుగా వస్తుంది.

చలికాలమంతా నా పని ఇదీ:
తలుపు తీయడం, కుళాయి తిప్పడం,
గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టలేదని చూసుకోవడం,
ఎవరూ పడుకోని పరుపుల మీద దుప్పట్లు సర్దడం.
ఒక ఇంట్లో గోడకి వేలాడుతోంది మా తాత తెడ్డు.
వేలంలో కొన్నారట. అందంగానే ఉంది.
పిడి దగ్గర ఆయన చెయ్యి అరగదీసిన చోట
నా వేలు పెట్టి చూస్తాను వెళ్ళినప్పుడల్లా,
దుమ్ము తుడిచే నెపంతో.

ఇళ్ళ పేర్లు కూడా మారాయి.
ఓయ్‌రిక్ ఇల్లు ఇప్పుడు "సముద్రపు నిట్టూర్పు".
సముద్రం నిట్టూర్చదు.
అరవై రెండేళ్ళుగా వింటున్నాను,
అది దగ్గుతుంది, తిడుతుంది,
జనవరిలో ఈనలేని ఆవులా అరుస్తుంది.

ఈవర్, మార్సలి ఉండేది పాత కారవాన్‌లో,
నాలుగు తాళ్ళతో బండలకి కట్టిన కారవాన్‌లో.
సాల్మన్ చేపల వలల దగ్గర అతనికి పని, బడిలో ఆమెకి.
బడిలో పిల్లలు ముగ్గురు,
ఒక్కరు తగ్గినా మూసేస్తామని ఉత్తరం వచ్చింది.
మార్సలికి ఎనిమిదో నెల.
ఊరంతా ఆమె కడుపుని
హాజరుపట్టీ చూసినట్టు చూస్తుంది.

మొన్న హాల్లో మీటింగు. పడవల అధికారి తెర మీద కనిపించాడు.
పెదాలు కదిలాయి, గొంతు రాలేదు.
చివరికి వినపడింది ఒక్కటే:
"మీ సహనానికి కృతజ్ఞతలు."
"వీడికి మనం ఎప్పుడిచ్చాం దాన్ని?" అంది షోనక్
మా గేలిక్‌లో. కుర్చీలు కదిలేలా నవ్వాం.
ఆ నవ్వు మినిట్స్‌లోకి ఎక్కలేదు.
అవి ఇంగ్లీషులో రాస్తారు.

నిన్న రాత్రి గాలి వాయవ్యానికి తిరిగింది.
పైకప్పుల్ని ఒక్కో పలకా లెక్కపెట్టే గాలి.
రెండింటికి నా గుమ్మంలో ఈవర్,
చేతిలో తెగిన తాడు ముక్క.
ఏమీ అడగలేదు. తాడు చూపించాడు, అంతే.

లాంతరు అక్కర్లేకపోయింది,
చీకట్లో నా వేళ్ళే ఆ తాళంచెవిని పట్టుకున్నాయి.
ఓయ్‌రిక్ తలుపు చెమ్మకి ఉబ్బి ఉంది, భుజంతో తోశాం.
మార్సలి గుమ్మంలోనే ఆగింది, బూట్లు విప్పాలేమోనని.
విప్పకమ్మా అన్నాను.
ముసలామె ఉన్న రోజుల్లో ఈ వంటింట్లో
తల్లిలేని గొర్రెపిల్లలు తిరిగేవి.

పొయ్యి పక్కన బుట్టలో
చూపుకోసం పేర్చిన పీట్ దిమ్మలు.
వాటిలో ఒకటి నేను కోసిందే,
అంచున నా పార వంకర గుర్తుపట్టాను.
ముందు దాన్నే అంటించాను.
మొదట పొగ. తర్వాత ఆ పాత వాసన.
మార్సలి ఏడవలేదు. సాక్సులు ఆరేసింది.

తెల్లారాక యజమానులకి ఉత్తరం రాశాను:
గొట్టాలు బాగున్నాయి. కప్పు బాగుంది.
మీటరు కాస్త ఎక్కువ చూపిస్తే కంగారుపడకండి.
బుట్టలో పీట్ తగ్గింది, మేలో కొత్తది కోసి పెడతాను.
మీ ఇంట్లో ఇప్పుడు చెమ్మ వాసన లేదు.

ఆ తర్వాత ఏం రాయాలో తోచక
చాలాసేపు కూచున్నాను.
తొందరేముంది,
ఉత్తరం పోవాలన్నా
పడవ రావాలి కదా.