పన్నెండు ఫ్రేములు

పాటలో నది రావాలన్నాడు ఉరుకుందు.
మేం షూట్ చేసింది మే నెలలో,
తుంగభద్ర ఇసుకలో కాలు పెడితే బొబ్బలెక్కే మధ్యాహ్నం.
అందుకని కాలేజీ డాబా మీద
షామియానా అంగడి పచ్చగుడ్డ కట్టి
దాని ముందు షబానాని నిలబెట్టాం.
గుడ్డ మీద ఎవరి పెళ్లిదో సాంబారు మరక.

రాత్రి పదకొండు. వన్ టౌన్ జిరాక్స్ అంగట్లో
సగం షట్టర్ దించి
పచ్చదనాన్ని ఒలుస్తున్నాను
మామిడికాయకు చెక్కు తీసినట్టు,
భుజం దగ్గర తొందరగా, జుట్టు దగ్గర మెల్లిగా.
మరక మాత్రం ఊడిరాదు.

షబానా గాజులు కూడా పచ్చవేనని
ఆ రోజు ఒక్కరమూ చూడలేదు.
గుడ్డతో పాటు అవీ పోయాయి.
ఆమె చెయ్యెత్తినప్పుడల్లా
మణికట్టు తెగి, అరచెయ్యి ఒక్కటే గాలిలో ఊగుతోంది,
ఆ సందులోంచి కొండారెడ్డి బురుజు కనిపిస్తోంది.
ఫ్రేము ఫ్రేముకూ మళ్లీ తొడుగుతున్నాను.
నాలుగు వందల పదహారు సార్లు.
ఏ గాజులమ్మీ ఒక్క చేతికి ఇన్నిసార్లు తొడిగి ఉండదు.

బురుజు చుట్టూ నీళ్లు పోశాను.
నీలం. కొంచెం మెరుపు. అలకొక వెన్నెల ముక్క.
బాగుందనుకుంటుంటే
వెనకొచ్చి నిలబడ్డాడు మద్దిలేటన్న.
అంగడి ఆయనది, సిస్టం ఆయనది,
గంటకు ముప్పై రూపాయలు.

"ఏమప్పా, నీళ్లు ఇట్లుంటాయా?"

ఎట్లుండాలన్నా, అన్నాను నవ్వుతూ.
గ్లాసులో మిగిలిన టీ చూపించాడు.
"ఈ రంగు. దీంట్లో పిడికెడు మన్ను కలుపు.
మెరవగూడదు. మెరిసేంత తీరిక దానికుండదు.
అల గిల ఏం రాదు. మెట్టు కనపడకుండా పోతాది,
తర్వాత ఇంకో మెట్టు."
మిషను పక్కన గోడ మీద
తన తలకన్నా ఎత్తులో చెయ్యి పెట్టాడు.
మూడుసార్లు సున్నం కొట్టినా అక్కడ
గోధుమరంగు గీత ఒకటి అట్లే ఉంది.
"గాంధీ జయంతి. రెండు వేల తొమ్మిది."

నేనప్పుడు ఆదోనిలో, నాలుగేళ్లవాణ్ణి.

అప్పట్లో ఇది జిరాక్స్ అంగడి కాదంట.
పెళ్లి వీడియోల మిక్సింగు.
తామరపువ్వు విచ్చుకుంటే లోపల పెళ్లికూతురు,
హృదయం బొమ్మ గిర్రున తిరిగితే పెళ్లికొడుకు,
మూడో ముడి పడేసరికి మొగులులోంచి గులాబీలు.
"నువ్వు చేసేదీ అదే గదప్పా, పేరు మారింది.
మూన్నూరు పెండ్లిండ్లు ఆ అల్మారాలో ఉండె.
నీళ్లు దిగినాక షట్టర్ లేపితే
క్యాసెట్లు పగిలి, టేపంతా బయటికొచ్చి
ఫ్యాను రెక్కలకు చుట్టుకోనుండాది,
తడి జుట్టు మాదిరి.
ఏది ఎవరి తలంబ్రాలో ఎట్ల చెప్పేది?
ఏండ్లయినాక ఒకామె వచ్చింది, మొగుడు పోయినాడంట.
ఒక్క నిమిషం ముక్కున్నా చాలు అనె."

ఆమెకు ఏం చెప్పావని నేనడగలేదు.
ఆయన ట్రే లాగి కాగితాలు సర్దుకున్నాడు,
సర్దినవే మళ్లీ సర్దాడు.

నీలాన్ని తగ్గించి తగ్గించి
టీ దగ్గర ఆపాను.
వెన్నెల పొరను తీసేశాను.
ప్రేమ పాట కదా, ఉరుకుందు ఒప్పుకోడు,
పల్లవి వరకు నీలం ఉంచి
చరణాల్లో మట్టి పోశాను.
రెండో చరణంలో, షబానా చెయ్యి దించే చోట,
సన్నని నల్ల టేపొకటి గీసి
నీళ్లలో వదిలాను.
పన్నెండు ఫ్రేములు. అర సెకను.
రెండర్ మూడు శాతం దగ్గర కదలకుండా కూర్చుంది.
మద్దిలేటన్న స్టూలు మీదే కునుకు తీస్తున్నాడు.

పొద్దున ఉరుకుందు ఫోను.
"చరణంలో నీళ్లు బురద బురదగా ఉండాయేందిరా?"
తర్వాత, "గాజులు భలే కుదిరినాయి."
తర్వాత, "ఒకచోట ఏందో నల్లగా కొట్టుకపోతాది,
వెంట్రుకా?"

గ్లిచ్ రా, అన్నాను.
తీసెయ్ అన్నాడు.
తీస్తే మళ్లీ ఆరు గంటలు రెండర్,
గంటకు ముప్పై, అన్నాను.

ఉండనీలే, అన్నాడు.