పదిహేడు డెసిబెల్స్

బెర్గెన్‌లో వాన ఆగదు,
మధ్యలో ఊపిరి పీల్చుకుంటుంది, అంతే.
అలాంటి ఒక సందులోనే చూశాను,
స్నానాలగది పైకప్పు మూలన
అరచేతంత నల్లమచ్చ.

పాత ఫ్యాను గొంతు ఇంటిల్లిపాదికీ తెలుసు.
స్విచ్ వేస్తే ముందు ఒక దగ్గు,
ఆ తర్వాత చేపలపడవ ఇంజను,
ఆపేశాక కూడా కాసేపు సణుగుడు.
అంత అరిచీ ఆవిరిని పీల్చేది కాదు.
గోడకి ఇవతల నా మంచం.
తెల్లారి నాలుగున్నరకి బేకరీలో పిండి పిసకాలి నేను.
రాత్రి తొమ్మిదింటికి కొడుకు స్నానానికి వెళ్తే
అది నా చెవిలో జోరీగ.

"మార్చేద్దాం" అన్నాను.
"తిరుగుతోందిగా" అన్నాడు ఊడ్వార్.
తిరిగేదాన్ని పారెయ్యడం వాళ్ల ఇంటావంటా లేదు.

శనివారం ఒక్కదాన్నే కొట్టుకి వెళ్లాను.
ముప్ఫై ఏళ్లు ఓడల రేవులో రేకులు కొట్టి
చెవిలో మిషను పెట్టుకున్న స్టైనార్
నాకు నిశ్శబ్దం అమ్మాడు.
"అట్టపెట్టె మీద అంకెని నమ్మకమ్మా,
మూడు మీటర్ల దూరంలో నిలబడి కొలిచింది అది.
మీ స్నానాలగదిలో మూడు మీటర్లు ఉన్నాయా?"
లేవు. టబ్బులోంచి చెయ్యి చాపితే తలుపు.
"పెద్దది కొని నిదానంగా తిప్పు.
చిన్నదాన్ని పరిగెత్తిస్తే అరుస్తుంది.
ముడతల గొట్టం వద్దు,
దాంట్లో గాలి తిట్టుకుంటూ పోతుంది.
నున్నటి గొట్టం, ఒక్కటే మలుపు.
బయట మూత గాలివానకి టపటప కొట్టుకోనిది చూడు."
పదిహేడు అని రాసి ఉంది పెట్టె మీద.
ఇరవై అయినా ఫరవాలేదనుకుని తెచ్చాను.

ఊడ్వార్ మూతి ముడుచుకునే నిచ్చెనెక్కాడు,
కానీ రబ్బరు ముక్కలు కోసి నాలుగు మరల కిందా పెట్టాడు.
స్విచ్ వేశాం.
తిరుగుతోందో లేదో తెలియక
టిష్యూ కాగితం పైకి పట్టుకున్నాం.
జాలీకి అతుక్కుని వదల్లేదు.
ఇద్దరం నవ్వుకున్నాం, చాలా రోజులకి.

ఆ రాత్రి తొమ్మిదికి
గోడ అవతల నుంచి నా కొడుకు గొంతు:
"నా పేరు స్... స్... స్..."
ఆగింది.
మళ్లీ మొదట్నించి, "నా పేరు స్..."
పద్నాలుగేళ్లుగా వాడికి అడ్డం తిరిగే మాట
వాడి పేరే. మేం ముచ్చటపడి పెట్టిందే.
హఠాత్తుగా మాట తెగిపోయింది.
తన గొంతు తనకే వినిపించి ఉంటుంది,
దాంతోపాటు గోడ ఇవతల నేనూ.

మర్నాడు కుళాయి పూర్తిగా తిప్పి చూశాడు.
నీళ్లు వృథా అని వాడి నాన్నే ఎప్పుడో నేర్పాడు, కట్టేశాడు.
మూడోనాటికి ఐదు నిమిషాల్లో స్నానం ముగించి
తల సరిగ్గా తుడుచుకోకుండానే వచ్చేశాడు.

నేను తిట్టుకున్న రొద
వాడు కట్టుకున్న గది.
ఎన్నాళ్ల నుంచో, ఎన్ని వందల రాత్రులో
ఆ ఇంజను చాటున సిండ్రె
సిండ్రె అనడం నేర్చుకుంటున్నాడు.
నేనేమో కొలతలు రాసుకుని వెళ్లి
గోడలు కూల్చి వచ్చాను.

పాత ఫ్యాను కొట్టంలో ఉంది, తుడిచి, గోనెగుడ్డ చుట్టి.
"పారేశానన్నావు?"
"తిరుగుతోందిగా అన్నాను కదా" అన్నాడు ఊడ్వార్,
నా వైపు చూడకుండా.
ఈయనకి ముందే తెలుసా? అడగలేదు.
కొన్ని అడిగితే వాడి దాకా వెళ్తాయి.

ఇప్పుడు తొమ్మిదింటికి
వంటింట్లో పొయ్యి మీది చిమ్నీ వేస్తాను,
మూడో నంబరు మీద, పొయ్యి మీద ఏమీ లేకుండా.
ఊడ్వార్ రెండే రెండు కప్పులు పెట్టి
గిన్నెల మిషను తిప్పుతాడు.
మొదటి రాత్రి ఏం జరగలేదు. రెండో రాత్రీ లేదు.
నిన్న మాత్రం
ఆ గోలకి అవతల, ఎక్కడో,
సన్నగా ఏదో కదిలినట్టుంది.
మాటో, నీటి చుక్కో.
చెవి గోడకి ఆనించబోయి
ఆగిపోయాను.

మచ్చ ఆరిపోతోంది.
నాకు నిద్ర తగ్గింది.
చిమ్నీ ఎన్ని డెసిబెల్సో
దాని పెట్టె మీద రాసే ఉంటుంది. చూడలేదు.